పాత ర్యాక్ డిలేల మహిమ బిట్లదేనా?

1980ల నాటి ర్యాక్ డిలేల (ర్యాక్‌లో బిగించే, వాయించిన స్వరాన్ని ఆలస్యంగా తిరిగి వినిపించే పెట్టెల) ప్రస్తావన వస్తే గిటారిస్టుల నోట మొదట వినిపించే మాట, "అవి పన్నెండు బిట్ల మిషన్లు, అందుకే సౌండ్ అంత వార్మ్‌గా ఉంటుంది" అని. ఈ నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, బిట్లను కావాలని తగ్గించే నాబ్ ఉన్న పెడళ్లు కూడా వస్తున్నాయి. ఆ నాబ్ తిప్పి చూడండి. వచ్చేది గరగర మాత్రమే, వార్మ్‌నెస్ జాడ ఉండదు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, ఆ మిషన్లలో పని చేసింది ఒకటైతే పేరు బిట్లకు పోయింది.

నా వాదన ముందే చెప్పేస్తాను. పాత డిజిటల్ డిలేలో డిజిటల్ భాగమే అన్నిటికన్నా నీరసమైన భాగం. దానికి వచ్చిన అంకెలను దాచి, అడిగినప్పుడు తిరిగి ఇవ్వడం తప్ప వేరే పని లేదు. మనం ఇష్టపడే ధ్వని ఆ మెమరీకి ముందూ వెనకా ఉన్న అనలాగ్ సర్క్యూట్లలో పుట్టింది. ఆ సర్క్యూట్లు అలా ఉండక తప్పకపోవడానికి కారణం మెమరీ చిప్పుల ధర.

డిలే అంటే వాయించిన స్వరాన్ని కాసేపు దాచి మళ్లీ వినిపించడం. మొదట్లో ఆ దాచే పని టేపు చేసేది. తర్వాత బకెట్ బ్రిగేడ్ చిప్పులు వచ్చాయి. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన అది: వోల్టేజీని ఒక కెపాసిటర్ నుంచి పక్క కెపాసిటర్‌కు చేతులు మార్చుకుంటూ పోవడం. టేపు సాగేది, అరిగేది. బకెట్ బ్రిగేడ్‌లో డిలే సమయం పెరిగే కొద్దీ పై స్థాయి స్వరాలు పోయి, హిస్ అనే బుస్సుమనే రొద పెరిగేది. స్టూడియోలకు శుభ్రమైన డిలే కావాలి. 1971లో లెక్సికాన్ డెల్టా టీ-101, ఈవెంటైడ్ 1745 అనే తొలి డిజిటల్ డిలేలు వచ్చాయి. ఆ తొలి ఈవెంటైడ్‌లో ఇప్పుడు మనకు తెలిసిన ర్యామ్ లేదు, అంకెలను వరుసగా ముందుకు జరుపుతూ పోయే షిఫ్ట్ రిజిస్టర్లు ఉండేవి. పెద్ద హాళ్లలో దూరంగా ఉన్న స్పీకర్లకు ధ్వనిని కొంచెం ఆలస్యంగా పంపడం, రివర్బ్‌కు ముందు చిన్న ఖాళీ ఇవ్వడం లాంటి పనులకు వాడేవారు. గిటారిస్టు కొనగల వస్తువులు కావవి.

అర సెకనుకు ఎన్ని చిప్పులు

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది. క్లాక్ సెకనుకు 32,768 సార్లు కొడుతోందనుకుందాం. ప్రతి దెబ్బకూ గిటార్ సిగ్నల్ ఎత్తును కొలిచి, 12 బిట్ల అంకెగా రాస్తుంది (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే ఒక చోటు). అర సెకను దాచాలంటే 16,384 అంకెలు కావాలి. ఒక్కోటి 12 బిట్లు.

1970లో వచ్చిన ఇంటెల్ 1103 చిప్పులో 1,024 బిట్లు పట్టేవి. దాంతో ఆ అర సెకను కట్టాలంటే 192 చిప్పులు కావాలి. 1976 ప్రాంతంలో మోస్టెక్ 4116 వచ్చింది, ఒక్కోదానిలో 16,384 బిట్లు. ఇప్పుడు సరిగ్గా పన్నెండు చిప్పులు చాలు. 1980ల మొదట్లో 64 కిలోబిట్ల చిప్పులు అందుబాటులోకి వచ్చేసరికి అవే పన్నెండు చిప్పులతో రెండు సెకన్లు దాచవచ్చు. ర్యాక్ డిలే స్టూడియో నుంచి గిటారిస్టు వెనక ఉన్న పెట్టెలోకి రావడానికి కారణం ఈ లెక్కే. 1970ల చివర్లో ఎంఎక్స్‌ఆర్ డిజిటల్ డిలేకు మెమరీ కార్డులు విడిగా కొని తగిలించుకునే ఏర్పాటు ఉండేది. డబ్బు ఉన్నంత డిలే అన్నమాట.

ఇంజనీరు చేతిలో ఉన్న చిప్పులు లెక్కపెట్టినన్నే. ఎక్కువ సమయం కావాలంటే క్లాక్ వేగం తగ్గించాలి. క్లాక్ తగ్గితే పై స్వరాలు పోతాయి, ఎందుకంటే క్లాక్‌లో సగం ఫ్రీక్వెన్సీ కన్నా పైనున్నదేదీ సరిగ్గా నమోదు కాదు. బిట్లు తగ్గిస్తే నాయిస్ పెరుగుతుంది. ప్రతి మోడల్ ఈ మూడింటి మధ్య కుదిరిన ఒక రాజీ. చాలా మిషన్లలో ఒక హద్దు దాటి సమయం పెంచితే బ్యాండ్‌విడ్త్, అంటే వినిపించే స్వరాల పై హద్దు, సగానికి పడిపోయేది అందుకే. పొడవాటి డిలేలు మృదువుగా, పొట్టి డిలేలు స్పష్టంగా వినిపించడం ఎవరో రుచి చూసి పెట్టిన ఏర్పాటేమీ కాదు.

కుర్చీలా, వేగమా?

టైమ్ నాబ్ తిప్పితే శ్రుతి వంగుతుందా, వంగదా? దీని మీద జరిగే వాదనలన్నీ రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చినవి.

మెమరీని ఒక రంగులరాట్నం అనుకోండి. ప్రతి కుర్చీ కిందికి రాగానే పాత మనిషి దిగుతాడు, కొత్త మనిషి ఎక్కుతాడు. ఎక్కినవాడు ఒక చుట్టు తిరిగి దిగడానికి పట్టే సమయమే డిలే. ఆ సమయం మార్చడానికి దారులు రెండు. కుర్చీల సంఖ్య మార్చవచ్చు, లేదా తిరిగే వేగం మార్చవచ్చు.

మిల్లీసెకన్లను బటన్‌తో మార్చినప్పుడు సాధారణంగా మారేది కుర్చీల సంఖ్య. శ్రుతి వంగదు. మహా అయితే ఒక టిక్కు శబ్దం వస్తుంది. మాడ్యులేషన్ నాబ్ లేదా క్లాక్ నాబ్ తిప్పితే మారేది వేగం. పై ఉదాహరణలో క్లాక్‌ను సగానికి, అంటే 16,384కి తగ్గించామనుకోండి. డిలే అర సెకను నుంచి సెకనుకు పెరుగుతుంది. అప్పటికే మెమరీలో ఉన్న స్వరం సగం వేగంతో బయటికి వస్తుంది కాబట్టి ఒక ఆక్టేవ్ కిందికి దిగిపోతుంది. కొత్తగా ఎక్కే స్వరంలో 8,192 హెర్ట్జ్ పైన ఉన్నదేదైనా సరిగ్గా వడగట్టకపోతే తప్పుడు స్వరాలుగా తిరిగి వస్తుంది. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి, అదీ నిరంతరంగా, మెట్లు లేకుండా.

లెక్సికాన్ ప్రైమ్ టైమ్, పీసీఎం 41, పీసీఎం 42లను ఇంతగా ఇష్టపడేది ఈ కదలిక కోసమే. క్లాక్‌ను నెమ్మదిగా ఊపితే కోరస్, చిన్న సమయాల దగ్గర ఊపితే ఫ్లాంజర్, చేత్తో లాగితే టేపు సాగినట్టుండే వంపు. గ్యారీ హాల్ రూపొందించిన పీసీఎం 42ను అయితే లూపర్‌గా, అంటే వాయించిన ముక్కను పదేపదే తిప్పే పెట్టెగా, వాడుకునేవాళ్లు ఇప్పటికీ వదలడం లేదు. నేటి డిలేలో క్లాక్ కదలదు. రెండు అంకెల మధ్య విలువను లెక్కగట్టి వంపును తయారుచేస్తుంది. బాగా రాసిన ప్రోగ్రామ్ అయితే శ్రుతి వంపు విషయంలో చెవికి తేడా పట్టుకోవడం కష్టం. కానీ క్లాక్‌తో పాటు వచ్చే మిగతా మార్పులు, ముఖ్యంగా ఆ తప్పుడు స్వరాల గీరుడు, ఎవరైనా పనిగట్టుకుని రాస్తే తప్ప రావు.

హోల్డ్ నొక్కి చూడండి

ఇప్పుడు అసలు విషయం. గిటార్ సిగ్నల్ మెమరీ చేరే లోపు ఒక ఫిల్టర్ దాటాలి. క్లాక్‌లో సగానికి పైనున్న స్వరాలను ఆపడం దాని పని. ఆపాల్సింది చెవికి వినిపించే హద్దుకు బాగా దగ్గరగా ఉండటంతో ఆ ఫిల్టర్ కోత నిటారుగా ఉండాలి. అంటే ఆప్‌ఆంప్‌లు, కెపాసిటర్లు వరుసగా అనేక దశలు. బయటికి వచ్చేటప్పుడు అలాంటిదే ఇంకొకటి. వీటితో పాటు చాలా మిషన్లలో లోపలికి వెళ్లే ముందు పై స్వరాలను పెంచి, వచ్చాక అంతే తగ్గించే ఏర్పాటు కూడా ఉంటుంది, హిస్ తగ్గడానికి. గట్టిగా మీటితే ముందు నలిగేది ఆ పెంచిన పై స్వరాలే. పిక్ దెబ్బ అంచు కొంచెం గుండ్రంగా అయ్యేది అక్కడే.

ఒక్కసారి దాటితే ఈ ఫిల్టర్ల ప్రభావం పెద్దగా తెలియదు. అయితే చాలా పాత మిషన్లలో ఫీడ్‌బ్యాక్ అనలాగ్ దారిలోనే తిరుగుతుంది. బయటికి వచ్చిన రిపీట్ మళ్లీ ఇన్‌పుట్‌లో కలిసి, అన్ని ఫిల్టర్లనూ మళ్లీ దాటుతుంది. 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చుట్టుకు 3 డెసిబెల్స్ తగ్గుతుందనుకుంటే ఐదో రిపీట్‌కు తగ్గుదల 15 డెసిబెల్స్. రిపీట్లు మసకబారుతూ వెనక్కి జరిగిపోవడం, ముందు వాయిస్తున్న స్వరానికి అడ్డురాకపోవడం ఈ లెక్క వల్లే.

ఎవరైనా సరే చేసి చూడగల పరీక్ష ఒకటుంది. హోల్డ్ లేదా ఇన్ఫినిట్ రిపీట్ బటన్ ఉన్న పాత ర్యాక్ దొరికితే ఒక తీగ మీటి దాన్ని నొక్కండి. ఇప్పుడు ధ్వని మెమరీలోనే తిరుగుతుంది, దాన్ని మళ్లీ అంకెలుగా మార్చే కన్వర్టర్ల గుండా తిరిగి వెళ్లదు. గంట తర్వాత విన్నా మొదటి చుట్టులో ఉన్నట్టే ఉంటుంది. హోల్డ్ తీసేసి, అదే తీగను ఫీడ్‌బ్యాక్ బాగా పెంచి మీటండి. నాలుగైదు చుట్లకే అంచులు కరిగిపోతాయి. రెండు సార్లూ మెమరీ అదే, బిట్లు అవే. మారింది దారి ఒక్కటే.

బిట్లకు అసలు పాత్రే లేదా అంటే ఉంది. 12 బిట్లంటే 4,096 మెట్లు, బిట్టుకు 6 చొప్పున సుమారు 72 డెసిబెల్స్. గట్టిగా మీటిన స్వరానికి ఇది చాలు. ఆ స్వరం చల్లారుతూ 42 డెసిబెల్స్ దిగిందనుకోండి, ఏడు బిట్లు ఖాళీ. మిగిలిన ఐదు బిట్ల 32 మెట్లతోనే తోకనంతా గీయాలి. గరగర వినిపించేది ఆ తోకలోనే.

దీనికి ఇంజనీర్లు వాడిన ఉపాయం కంపాండర్. లోపలికి వెళ్లే ముందు గట్టి, మెత్తని స్వరాల మధ్య తేడాను సగానికి నొక్కుతుంది. అదే 42 డెసిబెల్స్ దిగుడు 21 అవుతుంది. పోయేది ఏడు బిట్లు కాదు, మూడున్నరే. బయటికి వచ్చాక సాగదీసి మళ్లీ 42 చేస్తుంది. ఆ సాగదీతలో నాయిస్ కూడా స్వరంతో పాటు కిందికి దిగుతుంది. మంచి పథకమే. కానీ నొక్కడం, సాగదీయడం తక్షణం జరగవు. పిక్ దెబ్బ తగిలిన మొదటి క్షణంలో కొంచెం తడబాటు, తోకలో నాయిస్ ఊపిరి పీల్చినట్టు లేచి పడటం ఉంటాయి. "రిపీట్ కొంచెం కంప్రెస్ అయినట్టుంది, బ్యాండ్‌లో బాగా కూర్చుంటుంది" అని మెచ్చుకునేవాళ్లు మెచ్చుకుంటున్నది చాలాసార్లు ఈ తడబాటునే. మళ్లీ అనలాగ్ సర్క్యూటే.

అన్నట్టు, డెల్టాల్యాబ్ మిషన్ల దగ్గరికి వెళ్లి "ఎన్ని బిట్లు?" అని అడిగితే ఆ ప్రశ్నకే అర్థం ఉండదు. అవి అడాప్టివ్ డెల్టా మాడ్యులేషన్ పద్ధతిలో పనిచేస్తాయి. సిగ్నల్ ఎత్తును కొలవవు. క్రితంసారి కన్నా పైకి వెళ్లిందా, కిందికి వచ్చిందా అన్నది మాత్రం చాలా వేగంగా నమోదు చేసుకుంటూ పోతాయి. ఎఫెక్ట్రాన్ సిరీస్ సౌండ్‌కు ప్రత్యేకంగా అభిమానులు ఉన్నారు. పన్నెండు బిట్ల సిద్ధాంతంతో దాన్ని వివరించడం ఎవరి తరమూ కాదు.

కోర్గ్ ముందు భాగం

1982లో వచ్చిన కోర్గ్ ఎస్‌డీడీ-3000 ఈ వాదనకు గట్టి సాక్షి. గరిష్ఠంగా 1,023 మిల్లీసెకన్ల డిలే, 13 బిట్లు. యూటూ గిటారిస్టు ది ఎడ్జ్ వల్ల ప్రసిద్ధి పొందింది. అంతకుముందు ఆయన వాడింది ఎలక్ట్రో-హార్మోనిక్స్ మెమరీ మ్యాన్ అనే అనలాగ్ డిలే. కోర్గ్‌లో ఇన్‌పుట్‌కు, అవుట్‌పుట్‌కు విడివిడిగా మూడు మెట్ల లెవెల్ స్విచ్‌లు ఉన్నాయి. గిటార్ నేరుగా గుచ్చుకోవచ్చు. అవుట్‌పుట్ లెవెల్ పెంచి వోక్స్ ఏసీ30 యాంప్ ముఖంలోకి తోస్తే యాంప్ ముందు దశ కొంచెం నలిగి మెరుస్తుంది. డిలే మిక్స్ సున్నాలో పెట్టినా ఈ మెరుపు ఉంటుంది! అంటే అది డిలే గుణం కాదు, సిగ్నల్‌ను ముందుగా పెంచే ప్రీఆంప్ గుణం. ఆ మిషన్ పేరు మీద కోర్గ్ తర్వాత పెడల్ తెచ్చినప్పుడు ఆ ప్రీఆంప్‌ను కూడా అందులోకి తెచ్చింది. ప్రీఆంప్ భాగం ఒక్కటే విడి పెడల్‌గా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఎడ్జ్ అనగానే గుర్తొచ్చే డాటెడ్ ఎయిత్ (బీటులో ముప్పావు వంతు) డిలేకు లెక్క చిన్నదే: 45,000ను టెంపోతో భాగించాలి. 120 టెంపోకు 375 మిల్లీసెకన్లు. టేపు మిషన్‌తో ఈ అంకెను ప్రతి రాత్రి చెవితో వెతుక్కోవాలి. ర్యాక్‌లో ఎర్రటి అంకెల్లో కనిపిస్తుంది, మెమరీలో దాచుకోవచ్చు, పాట మారగానే కాలితో పిలవవచ్చు. స్టేజి మీద వాయించేవాళ్లను ర్యాకులవైపు లాగింది సౌండ్ కన్నా ఈ సౌకర్యమే అని నా నమ్మకం.

రోలాండ్ ఎస్‌డీఈ-3000 ఇంకో సాక్షి. 1983లో వచ్చింది. ఎడ్డీ వాన్ హాలెన్ రెండింటిని పెట్టి, మధ్య యాంప్‌లో డిలే లేని గిటార్, అటూ ఇటూ ఉన్న యాంపుల్లో డిలే వినిపించేలా వాడేవారు. ఈ మిషన్ కోసం తయారుచేసిన చిప్పునే బాస్ తన డీడీ-2 పెడల్‌లో పెట్టింది, అదే మొట్టమొదటి కాంపాక్ట్ డిజిటల్ డిలే పెడల్. మెదడు ఒకటే. అయినా రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఒకేలా ఉండవు. 9 వోల్టుల పెడల్‌కూ, కరెంటు ప్లగ్గుతో నడిచే ర్యాకుకూ పవర్ సప్లై వేరు, హెడ్‌రూమ్ (నలగకుండా మోయగల లెవెల్) వేరు, చుట్టూ ఉన్న సర్క్యూట్ వేరు.

టీసీ ఎలక్ట్రానిక్ 2290 మాత్రం వేరే జాతి. 1985లో వచ్చింది, మెమరీ పెంచుకుంటే 32 సెకన్ల దాకా పోతుంది. అప్పటికి చిప్పుల కరువు తీరింది కాబట్టి దాని ధ్వని శుభ్రంగా, గాజులా ఉంటుంది. దాని గొప్పతనం డైనమిక్ డిలే: వాయిస్తున్నంతసేపు రిపీట్లు తగ్గి, ఆపగానే పైకి వస్తాయి. పాత మిషన్ అంటే మసక సౌండే అనుకునేవాళ్లు ఒకసారి వినాల్సింది ఇదే.

లెవెల్ తప్పితే అంతా తప్పే

పాత ర్యాక్ కొని "హిస్ ఎక్కువగా ఉంది" అని పక్కన పెట్టేసేవాళ్లలో చాలామంది సమస్య మిషన్‌లో ఉండదు. స్టూడియో లైన్ లెవెల్ +4 అంటే దాదాపు 1.23 వోల్టులు. సింగిల్ కాయిల్ పికప్ నుంచి వచ్చేది మామూలుగా వోల్టులో పదో వంతు. తేడా సుమారు 22 డెసిబెల్స్, అంటే నాలుగు బిట్లకు కొంచెం తక్కువ. లైన్ లెవెల్‌కు కట్టిన మిషన్‌లోకి గిటార్‌ను నేరుగా పంపితే పన్నెండు బిట్ల మిషన్ ఎనిమిది బిట్ల మిషన్‌లా ప్రవర్తిస్తుంది. పైగా లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) 10 కిలోఓమ్‌ల ప్రాంతంలో ఉంటే పికప్ మీద భారం పడి గిటార్ గొంతే మూసుకుపోతుంది. ముందు ఒక బఫర్ లేదా ప్రీఆంప్ పెట్టాలి, లేదంటే యాంప్ ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టాలి. ఇన్‌పుట్ మీటర్‌లో ఎర్ర లైటు గట్టి దెబ్బలకు మాత్రం అప్పుడప్పుడు మెరిసేలా చూసుకుంటే సగం ఫిర్యాదులు ఉండవు.

ఇంకో మంచి విషయం, ఈ మిషన్లలో ఎక్కువ వాటిలో డ్రై సిగ్నల్, అంటే డిలే కలవని అసలు గిటార్, అనలాగ్‌గానే వెళ్లిపోతుంది, కన్వర్టర్ల జోలికి పోదు. నేటి మల్టీ ఎఫెక్ట్‌లో గిటార్ మొత్తం అంకెలుగా మారి మళ్లీ వెనక్కి రావాల్సిందే. ఎఫెక్ట్స్ లూప్ ప్యారలల్ అయితే (యాంప్ తన డ్రై సిగ్నల్‌ను పక్కనే పంపుతుంటే) మాత్రం ర్యాక్‌లో డ్రై పూర్తిగా తీసేయాలి, లేదంటే రెండు డ్రై సిగ్నళ్లు కలిసి సౌండ్ పల్చబడుతుంది.

ఇక వయసు. ఇవి నలభై ఏళ్ల వస్తువులు. పవర్ సప్లైలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి హమ్ మొదలవుతుంది. బటన్లు రెండుసార్లు నొక్కితే గానీ పలకవు. ప్రీసెట్లను నిలిపే బ్యాటరీ చాలాసార్లు బోర్డుకే అతికించి ఉంటుంది. అది చచ్చిపోతే నంబర్లు మర్చిపోతుంది, కారితే బోర్డు మీద దారుల్ని తినేస్తుంది. నేనైతే సెకండ్ హ్యాండ్ మిషన్ మూత తీయగానే మొదట చూసేది బ్యాటరీ చుట్టుపక్కల పచ్చగా గానీ తెల్లగా గానీ పొడి పట్టిందా అన్నదే. 4116 లాంటి పాత మెమరీ చిప్పులకు +12, +5, -5 వోల్టులు మూడూ కావాలి. ముఖ్యంగా -5 వోల్టులు పోతే చిప్పులు దెబ్బతింటాయి, రిపీట్లలో చిటపటలు వస్తాయి. ఇవి ఇంకా దొరుకుతాయి, మార్చుకోవచ్చు. కంపెనీ తనకోసం చేయించుకున్న కస్టమ్ చిప్పు పోతే మాత్రం అదే మోడల్‌లో చెడిపోయిన ఇంకో మిషన్ నుంచి పీకడం తప్ప దారి లేదు. జపాన్‌లో అమ్మిన మిషన్ అయితే 100 వోల్టులది కావచ్చు. వెనక ఉన్న పట్టీ చదవకుండా 230 వోల్టుల్లో గుచ్చితే ఆ ఒక్కసారితో దాని పని అయిపోతుంది.

ఇంత తంటా ఎందుకనుకునేవాళ్లకు బాస్ ఎస్‌డీఈ-3000డీ లాంటి కొత్త పెట్టెలు ఉన్నాయి. ఏది కొన్నా అడగాల్సిన ప్రశ్నలు నా లెక్కలో నాలుగు. ఫీడ్‌బ్యాక్‌లో ప్రతి చుట్టుకూ ఫిల్టర్ పడుతోందా? టైమ్‌ను వేగంతో మార్చే నాబ్ ఉందా? ముందు భాగంలో ప్రీఆంప్ ఉందా, లేక బఫర్ మాత్రమేనా? డ్రై సిగ్నల్ అనలాగ్‌గా వెళ్తోందా? ఎన్ని బిట్లన్నది డబ్బా మీద ఎలాగూ రాసే ఉంటుంది.